బలవంతపు బిగింపు

హైదరాబాద్ శివార్లలోని అప్పా కూడలి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల మేర సాగే బీజాపూర్ రహదారి ఎంత ఇరుకైనదో ఆ దారిన తిరిగేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇరువైపులా 900కు పైగా మర్రిచెట్లు, వాటి నడుమ రెండు వరుసల దారి. తాండూరు వైపు నుంచి నాపరాయి, సిమెంటు మోసుకొచ్చే లారీలు, కంకర టిప్పర్లు, పల్లె బస్సులు, కూరగాయలతో నగరానికి వెళ్లే ట్రాలీ ఆటోలు నిత్యం ఈ దారినే నడుస్తాయి. శని, ఆదివారాల్లో ఫామ్‌హౌస్‌లకు, రిసార్టులకు, చిలుకూరు బాలాజీ దర్శనానికి, అనంతగిరి కొండలకు పోయే కార్లు వాటికి తోడవుతాయి. 2025 నవంబరు 3 ఉదయం చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది మరణించిన ఘోరాన్ని ఈ ప్రాంతం మరచిపోలేదు. ఆ తర్వాత రోడ్డు విస్తరణ గురించి, అధిక లోడు గురించి, అతివేగం గురించి విస్తృతంగా చర్చ జరిగింది. అది జరగవలసిన చర్చే. ఆ దుర్ఘటన కారణాలకూ ఇక్కడ ప్రస్తావించబోయే విషయానికీ సంబంధం లేదు. అయినా, ఎదురుగా వచ్చే బండికీ మనకూ మధ్య రంగు గీత తప్ప మరే అడ్డూ లేని దారిలో ఒక్క మీటరు పక్కకు జరిగినా ప్రాణాలు మిగలవన్న సత్యాన్ని అది అందరి ముందూ నిలబెట్టింది.

బండిని అలా పక్కకు జరిపే కారణాల్లో ఒకటి ఇంతవరకు ప్రజా చర్చలోకి రాలేదు. సొంత కార్లకు బయటి మార్కెట్టులో కొని బిగించుకుంటున్న సస్పెన్షన్ భాగాలు, ముఖ్యంగా వాటిని బిగిస్తున్న తీరు, ఆ కారణం. ఈ ప్రాంతంలో నివసిస్తూ, ఈ దారిలో పిల్లలను కళాశాలలకు పంపుతున్న పాఠకుల తరఫున ఈ ప్రమాదాన్ని విస్పష్టంగా చెప్పవలసిన సమయం వచ్చింది.

ఈ మార్పులు కోరుకునేవారి అవసరాలు అర్థం కానివేమీ కావు. నగరపు జంట జలాశయాల పరిరక్షణకు 1996లో వచ్చిన 111 జీవో పరిధిలోని గ్రామాల్లో తోటలు, ఫామ్‌హౌస్‌లు విస్తరించాయి. వాటికి చేరే దారులు మాత్రం చాలాచోట్ల ఇంకా మొరం దారులే. ఊరూరా ప్రమాణం లేని స్పీడ్ బ్రేకర్లు, వానాకాలంలో లోతు తెలియని గుంతలు ఉంటాయి. నగరపు రోడ్డు కోసం కొన్న చిన్న కారు అడుగుభాగం నేలకు తగులుతుంటే యజమాని దాన్ని కాస్త ఎత్తు పెంచుకోవాలనుకుంటాడు. లక్ష కిలోమీటర్లు దాటిన కారుకు షాక్‌అబ్జార్బర్లు కారిపోతే, కంపెనీ సర్వీస్ సెంటరు చెప్పిన ధర చూసి బయట తక్కువకు దొరికేవాటి వైపు మళ్లుతాడు. మరికొందరు యువకులకు అది రూపం కోసం. ఎస్‌యూవీ మరింత ఎత్తుగా, సెడాన్ మరింత నేలబారుగా కనిపించాలన్న మోజు. అవసరమైనా మోజైనా చివరకు చేరేది ఒకే చోటికి. కారును జాకీ మీద ఎత్తి, చక్రాలు విప్పి, షాక్‌అబ్జార్బర్, స్ప్రింగు కలిసి ఉండే పాత స్ట్రట్‌ను బయటికి లాగిన తర్వాత, కొత్తగా తెచ్చిన భాగం దాని స్థానంలో సరిగ్గా కూర్చోదు.

ప్రమాదం పుట్టేది ఆ క్షణంలోనే. బయటి మార్కెట్టు భాగాలన్నీ నాసిరకమని చెప్పడం అన్యాయం. కారు తయారీదారులకు సరఫరా చేసే సంస్థలే తమ సొంత పేరుతో విడిగా అమ్మే నాణ్యమైన భాగాలు ఎన్నో ఉన్నాయి. పరీక్షలకు నిలిచి, నిర్దిష్ట మోడల్ కోసమే తయారైన ప్రత్యేక సస్పెన్షన్ కిట్లూ ఉన్నాయి. కానీ ఒకే పేరున్న కారులో కూడా పెట్రోల్ ఇంజిన్ రకానికి ఒక స్ప్రింగు, బరువైన డీజిల్ ఇంజిన్ రకానికి మరొక స్ప్రింగు ఉంటాయి. మధ్యలో కంపెనీ మోడల్‌ను సవరిస్తే బ్రాకెట్ కొలతలు మారవచ్చు. కుడి, ఎడమ భాగాలు చూపుకు ఒకేలా ఉన్నా బ్రేక్ పైపు పట్టుకునే కొక్కెం, లింక్ రాడ్ బిగించే చెవి వేర్వేరు వైపులకు ఉంటాయి. ‘అన్ని మోడళ్లకూ సరిపోతుంది’ అన్న అట్టపెట్టె మీది మాట నమ్మి తెచ్చిన భాగంలో ఈ తేడాలు రెండు మూడు మిల్లీమీటర్ల రూపంలో బయటపడతాయి. భాగం పట్టలేదంటే అది ఈ బండిది కాదని, లేదా బండిలో మరేదో వంగి ఉందని అర్థం. పని ఆపి కారణం వెతకవలసిన ఆ చోట గ్రైండర్ చేతికి వస్తోంది.

బోల్టు రంధ్రంలోకి దిగకపోతే రంధ్రాన్ని కోలగా సాగదీస్తున్నారు. సందు మిగిలితే వాషర్లు పేర్చి నింపుతున్నారు. లింక్ రాడ్ అందకపోతే చెవిని కోసి మరోచోట వెల్డింగ్ పెడుతున్నారు. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కిందికి రాకపోతే ఇనుపరాడ్డు వేసి తొక్కిపెట్టి, ఆ బిగుతులోనే నట్టు ఎక్కిస్తున్నారు. బండి రోడ్డెక్కుతుంది, శబ్దం రాదు, యజమాని సంతోషిస్తాడు. పని అయిపోయిందని అందరూ అనుకుంటారు.

ఇందులోని అపాయం పైకి కనిపించేది కాదు కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉంది. ముందు చక్రాన్ని మోసే నకిల్‌కు స్ట్రట్‌ను పట్టి ఉంచే రెండు బోల్టులు మేకుల్లా అడ్డంపడి బరువు మోస్తాయని చాలామంది భావన. నిజానికి నిర్దేశిత బలంతో బిగించినప్పుడు రెండు లోహపు ముఖాలు ఒకదానినొకటి గట్టిగా అదుముకుంటాయి. చక్రాన్ని దాని కోణంలో కదలకుండా నిలిపేది ప్రధానంగా ఆ అదుము వల్ల పుట్టే రాపిడి. రంధ్రం సాగదీస్తే ఆ అదుము తగ్గుతుంది, జారడానికి చోటు దొరుకుతుంది. రెండు ముఖాల మధ్య తుప్పుగానీ మందపాటి రంగు పూతగానీ ఉన్నా కొద్దికాలానికి అది నలిగి బోల్టు వదులవుతుంది. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నంత వరకు ఏమీ తెలియదు. 80 కిలోమీటర్ల వేగంలో ఒక గుంత తగిలినప్పుడు స్ట్రట్ జారి చక్రం కోణం ఒక్కసారిగా మారుతుంది. స్టీరింగ్ ఒక వైపు లాగేస్తుంది. ఆ క్షణంలో కారు ఎటు పోవాలో నిర్ణయించేది జారిన చక్రపు కోణమే, డ్రైవరు కాదు.

రబ్బరు బుష్‌ల విషయంలో జరిగే తప్పు ఇంకా సర్వసాధారణం. లోయర్ ఆర్మ్ బుష్ లోపలి గొట్టం బోల్టు బిగించినప్పుడు ఎక్కడ ఆగితే అక్కడే స్థిరపడుతుంది. తర్వాతి కదలికలన్నీ రబ్బరు మెలికపడటం ద్వారా జరుగుతాయి. అందుకే బండి బరువు చక్రాల మీద నిలిచి, మామూలు ఎత్తులో ఉన్నప్పుడు మాత్రమే ఆ బోల్టును చివరిగా బిగించాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బిగించేస్తే, కారు నేలమీదికి దిగిన క్షణం నుంచి ఆ రబ్బరు శాశ్వతంగా మెలికలోనే ఉంటుంది. కొద్ది నెలల్లో చిట్లుతుంది. యజమాని మాత్రం భాగం మంచిది కాదని నిందించి మరొకటి కొనుక్కుంటాడు, అది కూడా అదే పద్ధతిలో బిగుస్తుంది.

ఎత్తు పెంచే కిట్ల సంగతి మరింత తీవ్రమైనది. స్ట్రట్ పైన దిమ్మ వంటి స్పేసర్ పెట్టి కారును ఒకటి రెండు అంగుళాలు లేపితే కింది ఆర్మ్, బాల్ జాయింట్, చక్రాన్ని తిప్పే యాక్సిల్ అన్నీ తమ సహజ కోణం వదిలి కిందికి వంగుతాయి. చక్రం పూర్తిగా వేలాడే స్థితిలో బాల్ జాయింట్ దాని హద్దును తాకుతుంది, యాక్సిల్ జాయింటు మీద భారం పెరుగుతుంది, బ్రేక్ గొట్టం, ఏబీఎస్ సెన్సర్ తీగ సాగుతాయి. రోజూ సాగి సాగి పగిలిన బ్రేక్ గొట్టం పోయేది నడివీధిలో ఆగి ఉన్నప్పుడు కాదు, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడే. స్టీరింగ్ రాడ్ల కోణం మారడం వల్ల గుంతలో పడ్డ ప్రతిసారీ చక్రం తనంతట తాను కొద్దిగా తిరుగుతుంది. గురుత్వ కేంద్రం పైకి పోతుంది కాబట్టి హఠాత్తుగా తప్పించవలసి వచ్చినప్పుడు బండి ఒరిగే అవకాశం హెచ్చుతుంది. ఇక హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలోకి లేస్తుంది. మర్రిచెట్ల కింద రాత్రిపూట ఈ ఒక్క దోషమే చాలు.

స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు చౌకగా దొరుకుతాయి. అవి దూరిన చోట స్ప్రింగు ముడుచుకోలేదు. అంటే ఆ చుట్లు పనిచేయడం మానేస్తాయి, మిగతా చుట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. స్ప్రింగు గట్టిపడుతుంది కానీ దాన్ని అదుపు చేయవలసిన షాక్‌అబ్జార్బర్ పాత శక్తితోనే ఉంటుంది. దాంతో గతుకుల రోడ్డు మీద టైరు నేలను వదిలి ఎగురుతుంది. రోడ్డుకు తగలని టైరుకు బ్రేకూ లేదు, మలుపూ లేదు. దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో, కారును కిందికి దించడానికి స్ప్రింగు చుట్లను కోయించేవారూ ఉన్నారు. కోసిన స్ప్రింగు, చక్రం వేలాడినప్పుడు తన పీటలోంచి తప్పుకునే ప్రమాదం ఉంది. తిరిగి పీటలో సరిగ్గా కూర్చుంటుందన్న హామీ ఏదీ లేదు.

సస్పెన్షన్ ఎంత సున్నితమైన సమతుల్యమో ప్రపంచం ఒకసారి చూసింది. 1997 అక్టోబరులో మెర్సిడెస్ సంస్థ కొత్త ‘ఏ–క్లాస్’ కారు స్వీడన్‌లోని ఒక మోటారు పత్రిక జరిపిన పరీక్షలో, అడ్డొచ్చిన జంతువును తప్పించుకునే తరహాలో స్టీరింగ్ తిప్పినప్పుడు బోల్తాపడింది. శతాబ్దపు అనుభవం, వందలాది ఇంజినీర్లు, పరీక్షా ట్రాకులు ఉన్న సంస్థ సరఫరా నిలిపివేసి సస్పెన్షన్‌ను సవరించింది, స్థిరత్వాన్ని కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థను అమర్చింది, అప్పటికే అమ్మిన కార్లనూ సరిదిద్దింది. అంతటి వ్యవస్థకు దొరకకుండా తప్పించుకున్న లోపం, కొలత పరికరం లేని షెడ్డులో రెండు గంటల్లో చేసిన మార్పులో ఉండదని ఎవరు చెప్పగలరు?

మెకానిక్కును దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకోవడం ఈ సంపాదకీయం ఉద్దేశం కాదు. రహదారి వెంట ఉన్న చిన్న షెడ్లలో పనిచేసేవారిలో ఎక్కువమంది చిన్నతనంలో గురువు వెంట నేర్చుకున్నవారే. ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో చెప్పే సర్వీసు పుస్తకం వారి చేతికి ఎన్నడూ రాలేదు. రాకపోవడానికి కారణం వారి నిర్లక్ష్యం మాత్రమే కాదు. విడిభాగాలు, మరమ్మతు సమాచారం, పరికరాలు స్వతంత్ర మెకానిక్కులకు దొరకకుండా చేస్తున్నారని నిర్ధారించి, దేశపు పోటీ నియంత్రణ వ్యవస్థ 2014 ఆగస్టులో 14 కార్ల తయారీ సంస్థలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఆ ఉత్తర్వు తర్వాత న్యాయస్థానాల్లో ఎన్నో మలుపులు తిరిగింది. ఆ ఉత్తర్వు బయటపెట్టిన లోటు మాత్రం చేవెళ్లలోని షెడ్డులో నేటికీ లోటుగానే ఉంది. కొలత తెలియనివాడికి మిగిలేది చేతి అంచనా. పానా మీద ఒళ్లు బరువు వేసి బిగించిన బోల్టు ఒకచోట వదులుగా ఉంటుంది, మరోచోట సాగి తెగడానికి సిద్ధంగా ఉంటుంది. ఒకసారి బిగించి విప్పితే మళ్లీ వాడకూడదని తయారీదారు నిర్దేశించిన బోల్టులను కూడా తుడిచి తిరిగి వేస్తున్నారు.

అమ్మకందారుల బాధ్యత ఇంతకంటే పెద్దది. నగరంలోని రాణిగంజ్ వంటి హోల్‌సేల్ మార్కెట్టు నుంచి వచ్చినా, ఇంటర్నెట్‌లో నేరుగా ఇంటికి వచ్చినా, భాగం వెంట ఉండవలసిన సమాచారం ఉండడం లేదు. ఏ మోడల్, ఏ సంవత్సరం, ఏ ఇంజిన్, ఎంత బరువు, ఏ బోల్టులు, ఎంత బిగింపు అన్నవి రాయని పెట్టెలో వచ్చే సస్పెన్షన్ భాగం అసంపూర్ణ వస్తువు. అలాంటిది అమ్మడం కొనుగోలుదారును మోసగించడమే. బిల్లు లేకుండా అమ్మితే రేపు అది విరిగినప్పుడు ప్రశ్నించడానికి కూడా ఆధారం మిగలదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, ఈ నిషేధాన్ని గట్టిగా ధ్రువీకరించింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం 182–ఏ సెక్షన్‌ను చేర్చి, అనుమతి లేని భాగాలు బిగించి వాహనాన్ని మార్చే యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. కీలక భద్రతా భాగాలుగా ప్రకటించినవాటిని ప్రమాణాలకు విరుద్ధంగా అమ్మితే శిక్ష ఏడాది వరకు జైలు, లేదా ఒక్కో భాగానికి లక్ష రూపాయలు, లేదా రెండూ. అక్షరంలో ఇంత కఠినత ఉన్నా ఆచరణలో అది సైలెన్సర్ శబ్దం దగ్గర, నల్ల అద్దాల దగ్గర, నంబరు ప్లేటు దగ్గర ఆగిపోతోంది. అవి రోడ్డు మీద నిలబడ్డ అధికారి కంటికి, చెవికి అందేవి. చక్రం వెనుక చీకట్లో ఉన్న కోల రంధ్రం అందేది కాదు. పైగా కారు నేల నుంచి ఎంత ఎత్తున ఉండాలో రిజిస్ట్రేషన్ పత్రంలో రాసి ఉండదు. అరిగిన షాక్‌అబ్జార్బర్ స్థానంలో అదే ప్రమాణం గల మరొకటి వేయడం మరమ్మతు అవుతుంది, నేరం కాదు. రెండు అంగుళాలు లేపడం మరమ్మతు కాదు. ఈ రెంటికీ నడుమ గీత ఎక్కడ పడుతుందో సామాన్య యజమానికి తెలిసే ఏర్పాటు లేదు.

అంతకు మించిన ఖాళీ మరొకటి ఉంది. లారీలు, బస్సులు, టాక్సీలు నిర్ణీత కాలానికి ఫిట్‌నెస్ పరీక్షకు రావాలి. సొంత కారుకు మాత్రం కొన్ననాటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ పదిహేనేళ్లలో కాలుష్య ధ్రువపత్రం కోసం పొగగొట్టాన్ని చూసేవారు ఉంటారు గానీ, చట్టం ప్రకారం కారు అడుగుభాగాన్ని చూడవలసినవారు ఎవరూ లేరు. బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండినప్పటి నుంచి ఏటా జరిగే పరీక్షలో సస్పెన్షన్ తప్పనిసరి అంశం. జర్మనీలో స్ప్రింగులు మార్చినవారు ఆ భాగానికి ఉన్న సాంకేతిక ధ్రువీకరణ చూపించి, నిపుణుడి చేత బిగింపును తనిఖీ చేయించుకోవాలి. లేకుంటే కారు రోడ్డు మీద తిరిగే అర్హతే కోల్పోతుంది. అక్కడ మార్పు మీద నిషేధం లేదు, తనిఖీ లేని మార్పు మీదే ఉంది. మన వద్ద మార్పు మీద నిషేధం ఉంది, తనిఖీ లేదు. ఫలితంగా చట్టాన్ని గౌరవించి నాణ్యమైన కిట్ తెచ్చుకుందామనుకునేవాడికి దారి లేదు, గ్రైండర్‌తో సాగదీసేవాడికి అడ్డు లేదు.

ఈ నిర్లక్ష్యం ఎన్ని ప్రాణాలు తీస్తోందో లెక్క తెలియకపోవడం కూడా ప్రమాదంలో భాగమే. కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. కారణాల పట్టికలో సింహభాగం అతివేగానిదే. వేగం పాత్రను తక్కువ చేయనక్కరలేదు. కానీ అదుపు తప్పి చెట్టుకు గుద్దుకున్న కారు విషయంలో, చక్రం ముందే తప్పుకుందా, గుద్దుకున్న తర్వాత విరిగిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల పరిశీలన అరుదు. విరిగిన బోల్టు ముఖాన్ని చూస్తే అది ఒక్కసారిగా తెగిందా, నెలల తరబడి అలసి తెగిందా అన్నది నిపుణుడు చెప్పగలడు. క్రేన్ వచ్చి కారును పక్కకు లాగేసి, రోడ్డు ఊడ్చేసిన తర్వాత ఆ సాక్ష్యం తుక్కు కింద జమ అవుతుంది. లెక్కలో లేని కారణానికి నివారణ కూడా ఉండదు.

రహదారి నాలుగు వరుసలుగా విస్తరిస్తే ఈ సమస్య తగ్గుతుందన్న భ్రమ ఎవరికైనా ఉంటే అది తొలగాలి. మర్రిచెట్ల పరిరక్షణ గురించి హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లిన వివాదం, భూసేకరణ చిక్కులు దాటుకుని ఈ మార్గం వెడల్పు కావలసిందే. ఎదురెదురుగా ఢీకొనే ప్రమాదాలను అది తగ్గిస్తుంది కూడా. కానీ వెడల్పైన దారిలో వేగం పెరుగుతుంది. ఈ దారి కలిసే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇప్పటికే గంటకు 120 కిలోమీటర్ల వరకు అనుమతి ఉంది. మొయినాబాద్‌లో ఉదయం మొరం దారి కోసం ఎత్తు పెంచుకున్న కారు, సాయంత్రం అదే స్పేసర్లతో, అదే సాగదీసిన రంధ్రాలతో, ఆ వేగంలో ఔటర్ మలుపు తిరుగుతుంది. గతుకుల దారిలో ఊగిసలాటగా బయటపడే లోపం, నున్నటి దారిలో ఆఖరి క్షణం దాకా దాగి ఉంటుంది.

నివారణ అసాధ్యమైనదేమీ కాదు, ఖరీదైనదీ కాదు. పద్ధతి తెలిసిన షెడ్డులో ఈ పని ఎలా జరుగుతుందో చూస్తే చాలు. అక్కడ భాగం కొనకముందే ఛాసిస్ నంబరు ఆధారంగా తయారీదారు జాబితాలోని పార్టు నంబరు చూస్తారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పొడవు, రంధ్రాల దూరం, ప్లేటు మందం, బ్రేక్ పైపు కొక్కెం, స్ప్రింగు పీట కొలిచి సరిచూస్తారు. స్ప్రింగు మీది రంగు గుర్తులను కూడా పోలుస్తారు. తేడా ఉంటే కారు విప్పరు, భాగాన్ని వాపసు పంపుతారు. బోల్టు రంధ్రంలోకి దిగనప్పుడు సుత్తికి బదులు జాకీని కిందికీ మీదికీ జరిపి ఆర్మ్‌ను దాని సహజ స్థానానికి తెస్తారు. అప్పటికీ దిగకపోతే నకిల్ గానీ ఆర్మ్ గానీ వంగిందేమో చూస్తారు. షాక్‌అబ్జార్బర్లు జంటగానే మారుస్తారు. అరిగిన టాప్ మౌంటును కొత్త స్ట్రట్ మీద తిరిగి పెట్టరు. స్ప్రింగును తాళ్లతో, తీగలతో అదిమి కట్టే ప్రాణాంతక పద్ధతి జోలికి పోకుండా తగిన కంప్రెసర్ వాడతారు. కారు నేలమీద నిలిచాకే బుష్ బోల్టులను టార్క్ రెంచితో బిగిస్తారు. స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి బ్రేక్ గొట్టం ఎక్కడా సాగడం లేదని, టైరు ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకుంటారు. వీల్ అలైన్‌మెంట్ చేయించి ఆ కాగితం యజమానికి ఇస్తారు. హెడ్‌లైట్ల ఎత్తు సరిచేస్తారు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పిలిచి బిగింపులు చూస్తారు. ఇవన్నీ చేస్తే ఒక పూట ఎక్కువ పడుతుంది, కొంత కూలి ఎక్కువవుతుంది. అంతే.

ఆ పద్ధతి కొందరి నిష్ఠ మీద ఆధారపడకుండా అందరికీ నియమం కావాలంటే అధికార వ్యవస్థలు కదలాలి. వాహనాల నమోదు, తనిఖీ చూసే యంత్రాంగం సొంత కార్లకు కూడా 15 ఏళ్లకు చాలా ముందుగానే అడుగుభాగపు పరీక్షను తప్పనిసరి చేయాలి. సస్పెన్షన్‌లో ఏది మరమ్మతు, ఏది మార్పు అన్నది కొలతలతో సహా తెలుగులో ప్రచురించాలి. పరీక్షకు నిలిచిన కిట్లను ధ్రువీకరించి నమోదు చేసే మార్గం తెరవాలి. నాణ్యతా ప్రమాణాలను నిర్ణయించే సంస్థలు భాగంతో పాటు బిగింపు సూచనలు కూడా అమ్మకపు షరతుగా చేయాలి. వినియోగదారుల రక్షణ బాధ్యత ఉన్నవారు బిల్లు లేని, మోడల్ పేర్కొనని భాగాల అమ్మకాన్ని, ఇంటర్నెట్ అంగళ్లతో సహా, అడ్డుకోవాలి. బోల్టుల బిగింపు కొలతలు వాణిజ్య రహస్యం కావు, అవి ప్రజా భద్రతకు సంబంధించిన సమాచారం. వాటిని స్వతంత్ర మెకానిక్కులకు అందుబాటులో ఉంచవలసిన బాధ్యత కార్ల తయారీదారులది, ఉంచేలా చూడవలసిన బాధ్యత పాలకులది. ప్రమాదం జరిగిన చోట దర్యాప్తు చేసే విభాగం, చక్రం విడిపోయిన ప్రతి కారును సాంకేతిక నిపుణుడు చూసేదాకా తుక్కుకు పంపరాదు. బీమా రంగాన్ని నియంత్రించేవారు సర్వే నివేదికల్లో సస్పెన్షన్ మార్పులకు ప్రత్యేక నమోదు ఉండేలా చూస్తే, లెక్క లేని కారణానికి ఒక లెక్క మొదలవుతుంది.

వృత్తి శిక్షణ మీద విడిగా ఒక మాట. చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాల్లో ఇంజినీరింగ్ కళాశాలలకు కొరత లేదు. ఆ ప్రాంగణాలకు కిలోమీటరు దూరంలోని షెడ్డులో టార్క్ రెంచి లేకపోవడం విద్యావ్యవస్థకు గౌరవం కాదు. మెకానికల్ విభాగాల ప్రయోగశాలలు నెలకు ఒక ఆదివారం స్థానిక మెకానిక్కులకు తలుపులు తెరిచి, బిగింపు బలం, చక్రాల కోణాలు, వెల్డింగ్ చేయకూడని భాగాలు అన్న మూడు విషయాలు చేతితో చేసి చూపించినా ఈ ప్రాంతపు రోడ్ల మీద తేడా కనిపిస్తుంది. స్థానిక పాలక సంస్థలు ఖర్చులో కొంత భరించి షెడ్లకు పరికరాలు సమకూర్చడం, అలా శిక్షణ పొందినవారి పేర్లను ప్రజలకు తెలిసేలా ప్రకటించడం వాటి పరిధిలోని పనే.

ఇవి అమలయ్యేదాకా యజమానులు వేచి ఉండనక్కరలేదు. ఇప్పటికే సస్పెన్షన్ భాగాలు మార్పించుకున్న ప్రతి ఒక్కరూ ఈ వారమే కారును ఎత్తించి నాలుగు చక్రాల వెనుక బోల్టులు, బుష్‌లు, బ్రేక్ గొట్టాలు చూపించుకోవాలి. సాగదీసిన రంధ్రం, వెల్డింగ్ అతుకు, పేర్చిన వాషర్లు, చుట్ల మధ్య రబ్బరు బఫర్లలో ఏది కనిపించినా ఆ భాగాన్ని తీయించి సరైనది వేయించుకోవాలి. ఆ పని పూర్తయ్యేదాకా కారును రోడ్డెక్కించవద్దని విజ్ఞప్తి చేస్తున్నాం.